శేషాచలం అయ్యవారి ఈత

పక్కింటి పార్వతమ్మ అన్న మాటను అలివేలుమంగ కాఫీ గ్లాసు కింద పెట్టకముందే మొగుడికి అప్పజెప్పింది. "మీరు పెన్నలో దూకి బిడ్డను ఎత్తుకొచ్చినారంట గదా? ఊరంతా అదే అనుకుంటాండారంట. తలకు పోసుకునేటప్పుడే కండ్లు మూసుకొని గోడ పట్టుకుంటారే, మీరు ఏట్లో దూకడమేంది?"

ఆ ఉదయం శేషాచలం వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, కాఫీ తాగాలి, ప్రొద్దుటూరు హైస్కూలుకు బదిలీ కోరుతూ అర్జీ రాయాలి. సగం గడ్డంతో అలాగే కూర్చుండిపోయాడు.

నిజానికి ఆయన దూకింది కాగితం మీద. జమ్మలమడుగులో పిల్లలకు ఇంగ్లీషు రాయడం నేర్పడానికి ఆయనకు తెలిసిన పద్ధతి ఒక్కటే: తాను ఒక వ్యాసం రాసి పడేస్తాడు, వాళ్ళు కంఠతా పడతారు. ఆయన రాసిన 'మరపురాని రోజు' ఎంతో ఆహ్లాదకరమైన వేసవి రోజుతో మొదలవుతుంది. ఇంగ్లీషు వ్యాసాలన్నీ అలాగే మొదలవుతాయని ఆయన నమ్మకం. మే నెలలో మన ఊళ్ళో ఆహ్లాదమేమిటని ఏ పిల్లవాడూ అడగలేదు. ఆ తర్వాత పెన్న ఒడ్డున వనభోజనం, 'నేను' కాలుజారి ఏట్లో పడడం, ఎగసిపడే అలల్లోకి 'మా ఇంగ్లీషు మాస్టారు' దూకి కాపాడడం. దూకేవాడు ఇంకెవరైనా అయి ఉండవచ్చు. ఆయనకు ఇంకెవరూ తట్టలేదు. "ఒక్క మాట మారిందా, బెత్తం విరుగుతాది" అని హెచ్చరించాడు కనుక, ఆవు మీద రాయమన్నా పిల్లలు ఆవును పెన్న ఒడ్డుకు తోలుకుపోయి అక్కడ మునిగేవారు.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ ఒకాయన ముందురోజు చెప్పాపెట్టకుండా బడికి వచ్చి, మరచిపోలేని సంగతి ఏదైనా రాయండన్నాడు. తరగతి తరగతంతా మునిగింది. కట్టలో పైనున్న, నూరుల్లా అనే పిల్లవాడి కాగితం ఒక్కటే చదివి ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఇది నిజమేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఇంగ్లీషులో ఏది అడిగినా 'యస్ సార్' అనమని నేర్పింది కూడా శేషాచలమే. "యస్ సార్!" అంది తరగతి.

"మీలాంటివారు ప్రొద్దుటూరులో ఉండాలండీ" అని ఇన్‌స్పెక్టర్ శేషాచలం చేతులు పట్టుకున్నాడు. అప్పుడే కాదనాల్సింది. ప్రొద్దుటూరు మాట చెవిన పడ్డాక శేషాచలం వినయంగా తల వంచాడు.

"ప్రొద్దుటూరా?" అంది అలివేలుమంగ. ఆమె పుట్టిల్లు అక్కడే. "అయితే దూకినారు. గమ్మున ఉండండి."

అంతలో నూరుల్లా నాయనమ్మ ఖాతూన్‌బీ వచ్చింది, చంకలో కోడిపుంజుతో, ముఖం నిండా కోపంతో. "నాకొక్క మాట చెప్పకుండా మనవణ్ణి ఏటికి తోలుకపోతావా అయ్యోరా? ఎన్నిసార్లు అడిగినా 'నేను మునిగినా, సారు తీసినాడు' అని అదే మాట! బతికించినావు గాబట్టి ఈ పుంజు. లేకుంటే నిన్నే ముంచేదాన్ని!"

బెత్తం సంగతి నూరుల్లా ఇంట్లో కూడా మరిచిపోలేదన్నమాట. నిజం చెబుదామని శేషాచలం గొంతు సవరించుకున్నాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. పుంజు మడి వంటింట్లోకి దూరింది. అలివేలుమంగ పెట్టిన కేకలో నిజం లోపలే ఉండిపోయింది.

బడిలో హెడ్మాస్టరు రామమూర్తి తలుపు వేసి మరీ మీద పడ్డాడు. "పిల్లోల్లను ఏటికి ఎప్పుడు తీసకపోయినావయ్యా? నా పర్మిషన్‌తోనే పోయినావని ఇన్‌స్పెక్టరుకు చెప్పేసినా!"

"పోలేదు సార్. అది వ్యాసం."

రామమూర్తి కుర్చీలో కూలబడ్డాడు. "లేదు, పోయినావు. నేను పంపితే పోయినావు. సాయంత్రం నీ సన్మాన సభకు దండ కూడా చెప్పినాం."

సాయంత్రం ఊరంతా బడి ముందర చేరింది. శేషాచలం మెడలో బంతిపూల దండ దురద పెడుతోంది. ఇన్‌స్పెక్టర్ నూరుల్లా వ్యాసాన్ని అందరికీ అర్థమయ్యేలా తెలుగు చేసి చదివాడు. "పోయిన వేసవిలో, మే నెలలో ఒక ఆహ్లాదకరమైన రోజు..." అలలు లేచాయి, మాస్టారు దూకాడు, చప్పట్లు మోగాయి. శేషాచలానికి ప్రొద్దుటూరు కనుచూపు మేరలోకి వచ్చేసింది.

"బిడ్డ నాయనమ్మ గారు మాస్టారి గురించి రెండు మాటలు చెప్పాలి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఖాతూన్‌బీ లేచి శేషాచలాన్ని ఎగాదిగా చూసింది.

"మే నెలంటివా సారూ? ఆ నెలంతా నేను ఏటి ఇసకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి తోడి, పొద్దంతా కూచుంటే ఒక బిందె నిండింది. ఈయప్ప యాడ దూకినాడు? నా పుంజు నాకీ."