దమయంతి కంటినొప్పి బదిలీ

దమయంతి కుడికంటి నొప్పిని ఒక సోమవారం పొద్దున జిల్లా కంటి ఆసుపత్రిలో ఆమె భర్త భావనారాయణ పేరు మీదకు మార్చారు. కరెంటు మీటరు పేరు మార్చడం కన్నా ఇది తేలిక. ఇద్దరూ ఆధార్ కార్డులతో రావాలి, నొప్పి తీసుకునే మనిషి టిఫిన్ చేసి ఉండాలి, కుడికంటి నొప్పి కుడికంటికే వెళ్లాలి. ఎడమకంటికి మార్చుకునే వీలు కూడా ఉంది గాని, దానికి హైదరాబాదు అనుమతి కావాలి కాబట్టి ఎవరూ అడగరు.

రెండేళ్ల కిందట దమయంతికి నుదుటి మీద సర్పి లేచింది. పొక్కులు ఎండి రాలిపోయాయి. నొప్పి మాత్రం కంట్లో ఉండిపోయింది. ఆమె పెళ్లి జాకెట్ల మీద మగ్గం పని చేసేది. నొప్పి వచ్చాక సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమైంది. ఫ్యాను గాలి తగిలితే కంట్లో కారం చల్లినట్టుండేది. తెల్లగోడ వైపు చూడలేకపోయేది. భర్త హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించుకుని పోపు వేసేది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా డాక్టర్ నందకిశోర్ ఆమె గడ్డాన్ని మెషీను మీద ఆనించి చూసేవాడు. కంట్లో మచ్చ లేదు, గీత లేదు, తడి సరిపడా ఉంది.

"కన్ను అద్దంలా ఉందమ్మా. టెన్షన్ తగ్గించుకోండి. పొద్దున్నే కాస్త నడవండి," అనేవాడు.

ఇంటికొచ్చాక భావనారాయణ కూడా అదే మాట తన పద్ధతిలో అనేవాడు. "అంత చదువుకున్నాయనే ఏం లేదంటుంటే, నీకొక్కదానికే ఎట్టా కనపడుద్దే?"

అతను చెడ్డవాడు కాదు. మార్కెట్ యార్డు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. భార్యను కసిరేవాడు కాదు, మందులకు వెనకాడేవాడు కాదు. నమ్మేవాడు కాదు, అంతే.

మెషీన్లో కనపడని నొప్పితో మళ్లీ మళ్లీ వచ్చేవాళ్ల విషయంలో ఆసుపత్రికి ఒక నియమం ఉంది. రోగి తన గురించి తాను చెప్పుకునే మాట చెల్లదు. ఇంట్లోవాళ్లెవరైనా ఆ నొప్పిని ఒక రోజు మోసి, మర్నాడు వచ్చి సాక్ష్యం చెప్పాలి. భావనారాయణ సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒక రోజు మోసి చూస్తే ఏమీ లేదని తేలిపోతుంది, అప్పుడు భార్యకు నెమ్మదిగా నచ్చజెప్పవచ్చు అనుకున్నాడు. పని అవగానే అటునుంచటే ఆఫీసుకు వెళ్దామని క్యారియరు కూడా తెచ్చుకున్నాడు.

బదిలీ కౌంటరులో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, నుదుళ్లు ఆనించమన్నారు. కళ్లు మూసుకోమన్నారు. కౌంటరులోని ఆమె ముద్ర వేసి, "అయిపోయింది, లేవండి. తర్వాత ఎవరు?" అంది.

భావనారాయణ లేచి గుమ్మం దాకా నడిచాడు. బయట ఎండ తెల్లగా కాస్తోంది. అతను చేతిలోని క్యారియరు వదిలేసి, గుమ్మంలోనే చతికిలబడి, కన్ను రెండు చేతులతో మూసుకున్నాడు. సాంబారు మెట్ల మీదుగా కారింది.

దమయంతి ఆసుపత్రి గోడ వైపు చూసింది. తెల్లగా సున్నం వేసిన గోడ. చూస్తూనే ఉండిపోయింది. పక్కనున్నవాళ్లు ఆ గోడ మీద ఏముందా అని తామూ చూశారు.

ఆటోలో ఆమె గాలి తగిలే వైపు కూర్చుంది. భర్త ఆమె కొంగు లాక్కుని తలంతా కప్పుకున్నాడు. ఇంటికి రాగానే ఆమె అడగకుండానే ఫ్యాను ఆపింది, కిటికీకి దుప్పటి కట్టింది, గుడ్డ తడిపి పిండి అతని నుదుటి మీద వేసింది, కంటి మీద వేయలేదు. కంటి మీద వేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం దాకా అతను ముడుచుకుని పడుకున్నాడు. తర్వాత చీకట్లోంచి అడిగాడు.

"దమయంతీ, రోజూ ఇట్టాగే ఉండేదా?"

"లేదండీ. ఇవాళ కాస్త నయంగా ఉన్న రోజు."

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి వెక్కిళ్లు వినిపించాయి. "మరి వంటెట్టా చేశావే?" అన్నాడు. ఆమెకు ఆ క్షణంలో జాలి కలిగింది, దాని వెనకే సంతోషం కూడా కలిగింది. రెండోదానికి సిగ్గుపడి వంటింట్లోకి వెళ్లి, హెల్మెట్ లేకుండా ఉల్లిపాయలు తరిగింది. కన్నీళ్లు వచ్చాయి. అందరికీ వచ్చే మామూలు కన్నీళ్లే. ఆమె వాటిని తుడుచుకోకుండా చాలాసేపు నిలబడింది.

మర్నాడు సాక్ష్యం చెప్పడానికి వెళ్లారు. భావనారాయణ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, భార్య భుజం పట్టుకుని నడిచాడు. డాక్టర్ నందకిశోర్ ఎదుట స్టూలు మీద కూర్చుని రెండే మాటలు చెప్పాడు. "కంట్లో మండుతోందండీ. వెలుతురు చూడలేకపోతున్నా."

డాక్టరు వెంటనే గదిలో లైటు తీయించాడు.

"ఎప్పటినుంచి?"

"నిన్న పొద్దున్నించండీ."

"వెంటనే వచ్చి మంచి పని చేశారు. చాలామంది అశ్రద్ధ చేసి ముదరబెట్టుకుంటారు." మెషీన్లో చూశాడు. మచ్చ లేదు, గీత లేదు. డాక్టరు తల పంకించాడు. "నేననుకున్నదే. ఇది నరానికి సంబంధించిన నొప్పి. సర్పి వచ్చి తగ్గినా, దెబ్బతిన్న నరం ఊరికే కేకలు వేస్తూ ఉంటుంది. కన్ను ఇంత శుభ్రంగా ఉండి ఇంత నొప్పి ఉందంటే అదే గుర్తు."

"సర్పి వచ్చింది నాకండీ," అంది దమయంతి. "నాక్కూడా శుభ్రంగానే ఉందన్నారు గదండీ."

"ఇప్పుడు మీకెలా ఉందమ్మా?"

"ఇప్పుడు లేదండీ."

"చూశారా మరి," అన్నాడు డాక్టరు దయగా.

వైద్యం పెద్దదే. నరాన్ని శాంతపరిచే గొట్టం మాత్రలు రాశాడు, మోతాదు కొద్దికొద్దిగా పెంచాలన్నాడు. రోగి చేతినుంచి రక్తం తీసి, ఆ రక్తంలోని తేటతో చుక్కల మందు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోమన్నాడు. పక్కలనుంచి గాలి దూరని కళ్లజోడు పెట్టుకోమన్నాడు. పూర్తిగా పోకపోవచ్చని, నెలలు పడుతుందని, ఓపిక పట్టాలని చెప్పాడు. నొప్పి ఎవరి ఒంట్లో ఉంటే మందు వాళ్లకే. మధ్యలో బదిలీ చేస్తే మళ్లీ మొదటి నుంచి, మెషీను దగ్గర్నుంచి రావాలి.

ఆ వారమంతా భావనారాయణ అడగాలా వద్దా అని చూశాడు. ఆదివారం నాడు అడిగేశాడు.

"రేపు కౌంటరు కాడికి పోదాం, ఒక్క పూట తీసుకోవే. ఒక్క పూట కన్ను మూసుకుని నిద్రపోతా. సాయంత్రానికి మళ్లీ నాకే ఇచ్చెయ్యి."

దమయంతి అతని పక్కన కూర్చుంది. తీసుకోవాలనే అనిపించింది. కౌంటరులో చేసినట్టే నుదురు దగ్గరకు తెచ్చింది కూడా. "మందు మీకు రాశారండీ," అంది చివరికి. "నాకు రాయరు."

అతను తల ఊపాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

నొప్పి భావనారాయణది అయ్యాక ఇల్లు మారిపోయింది. అతని అక్క హైమవతి కొబ్బరినీళ్లతో వచ్చి, వచ్చీరాగానే టీవీ ఆపించి, గుసగుసగా మాట్లాడింది. దమయంతికి నొప్పి ఉన్న రోజుల్లో ఈమే, "పని తప్పించుకోడానికి ఈ కాలపు ఆడాళ్లకి ఏదో ఒకటి దొరుకుద్ది," అని పక్కింటివాళ్లకు చెప్పింది.

"మా తమ్ముడు చిన్నప్పుడు చెయ్యి విరిగినా అబ్బా అనలేదమ్మా. అట్టాంటోడు ఏడుస్తున్నాడంటే ఎంతుండాలి?" అని ఇప్పుడు కళ్లొత్తుకుంది.

"ఉంటుంది వదినా," అంది దమయంతి.

"నీకేం తెలుసు," అంది హైమవతి.

ఆఫీసులో అతని బల్లను ఫ్యాను కింది నుంచి జరిపారు. సెలవు అడక్కుండానే ఇచ్చారు. దమయంతి మళ్లీ మగ్గం ముందు కూర్చుంది. జరీ పోగు ఎండలో మెరిస్తే ఆగి చూసేది. ఒక జాకెట్టుకు చేతుల నిండా నెమళ్లు కుట్టింది. పక్కగదిలో భర్త మూలుగు వినపడినప్పుడు సూది ఆపి వెళ్లి, చుక్కలు వేసి వచ్చి, మళ్లీ కుట్టేది. తను ఇంత బాగా కుడుతున్నందుకు ఒక్కోసారి తన మీద తనకే కోపం వచ్చేది.

నాలుగు నెలలకు నొప్పి చాలావరకు దిగింది. మిగిలిన కాస్తా ఇక ఉంటుందని, గొట్టాలు ఆపకుండా వేసుకుంటే భరించగలిగేలా ఉంటుందని డాక్టరు చెప్పాడు. సాక్ష్యం కోసం తీసుకున్న నొప్పి కాబట్టి, మిగిలినదాన్ని సొంతదారుకు తిరిగి ఇచ్చెయ్యాలి.

కౌంటరు ముందు కూర్చున్నాక భావనారాయణ నుదురు వంచలేదు. "సగం నేను ఉంచుకోవచ్చా అండీ?" అని అడిగాడు. అతను మనస్ఫూర్తిగానే అడిగాడు.

"భాగాలు చెయ్యడం కుదరదండీ," అంది కౌంటరులోని ఆమె.

దమయంతే ముందుకు వంగి నుదురు ఆనించింది. నొప్పి వచ్చి తన చోట కూర్చుంది. మునుపటికన్నా చిన్నదే, కానీ అదే. ఆటోలో భావనారాయణ ఇంటిదాకా తన అరచెయ్యిని ఆమె కంటికి అడ్డం పెట్టి కూర్చున్నాడు. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదని ఆమెకు అనిపించింది.

నెల తిరిగి గొట్టాలు అయిపోయాయి. దమయంతి డాక్టరు దగ్గరికి వెళ్లింది. మెషీన్లో చూసి, "కన్ను చక్కగా ఉందమ్మా. మీ ఆయనకెలా ఉంది?" అన్నాడు. "ఆయన్ను తప్పకుండా పంపించండి, ఆ మందు మధ్యలో ఆపకూడదు."

ఆ మర్నాడు భావనారాయణను పంపింది. అతను లోపలికి వెళ్లి, ఏ నొప్పీ లేని కంటి మీద చెయ్యి పెట్టుకుని, మండుతోందన్నాడు. డాక్టరు లైటు తీయించి, మందు రాసిచ్చాడు. ఇక ప్రతి నెలా అదే పద్ధతి అయింది.

డాక్టరు గది బయట పొడవాటి బల్లలు ఉన్నాయి. అక్కడ ఆడవాళ్లు కూర్చుని ఉంటారు, పక్కన వాళ్ల భర్తలో, అన్నలో, అల్లుళ్లో ఉంటారు. అందరూ గొంతు తగ్గించి పాఠం చెప్పుకుంటూ ఉంటారు. "మంటగా ఉందనొద్దు, పని చేసుకోలేకపోతున్నానను." "పొద్దున లేవగానే ఎక్కువను, గుర్తుందా?" మగవాళ్లు పెదవులు కదుపుతూ బట్టీ పడతారు. నర్సు పిలిస్తే లేచి వెళతారు. వైద్యం బాగానే జరుగుతోంది. ఆసుపత్రికి మంచి పేరు వచ్చింది.

దసరా ముందు దమయంతికి నొప్పి పెరిగింది. రెండు రోజులు మగ్గం దగ్గరికి పోలేదు. "ఈసారి ఎక్కువైందని చెప్పండి. మోతాదు పెంచుతారు," అని బల్ల మీద కూర్చున్నప్పుడు భర్తకు రెండుసార్లు చెప్పింది. అతను సరేనని లోపలికి వెళ్లాడు. కాసేపటికి చీటీతో బయటికొచ్చాడు.

ఆమె చీటీ చూసింది. పాత మోతాదే.

"ఎక్కువైందని చెప్పలేదా అండీ?"

"చెబుదామనే అనుకున్నానే." అతను చెప్పులు వేసుకుంటూ మెల్లిగా అన్నాడు. "మొన్న పక్కింటామెతో నవ్వుతా మాట్లాడావు గదా. మరీ అంత ఉండదులే అనిపించింది. పోయిన నెలలాగే ఉందని చెప్పా. నేను మాత్రం పడలేదా ఏంది, నాకు తెలవదా?"

దమయంతి అతని మొహం వంక చూసింది. అందులో అబద్ధం ఏమీ లేదు. ప్రేమ కూడా ఉంది. పక్కన ఒకావిడ తన తమ్ముడికి ఇంకా పాఠం చెబుతూనే ఉంది.

"పోయిన నెలలాగే ఉంది లెండి," అంది దమయంతి. చీటీ పట్టుకుని మందుల వరసలో నిలబడింది.