విప్పకూడని ముడి

ఆ మంగళవారం ఉదయం, ఊరి స్కౌట్ మ్యూజియం చూసుకునే నగుమో గారి ప్లాను చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు వెళ్ళి చిక్కుడుగింజల ముద్ద పెట్టిన మిఠాయిలు కొనుక్కురావడం, పదింటికి టౌన్ హాలు నుంచి వచ్చే షిరకి గారికి వాటిని టీతో పెట్టడం, ఆవిడ చేత "మ్యూజియం ఇక్కడే ఉండనిద్దాం" అనిపించడం. అనకపోతే వచ్చే నెల నుంచి ఆ గదిలో సైకిళ్ళు పెడతారు.

టోఫు కొట్టు పైనున్న ఆ ఒక్క గదిలోనే ఊరి స్కౌట్ల చరిత్రంతా ఉంది: బాకాలు, గుడారం మేకులు, సొట్టలు పడ్డ గిన్నెలు. అన్నిటికీ రాజు మాత్రం అద్దాల బీరువాలోని నీలం స్కార్ఫ్. స్కౌట్లు పొద్దున్నే స్కార్ఫ్ కొసన ముడి వేసుకుంటారు. ఒక మంచి పని చేశాకే విప్పుతారు. దళం పెట్టిన హిరనో మాస్టారు ఒక పొద్దున ముడి వేసుకున్నారట, మంచి పని చేసేలోపే గుండె ఆగిపోయిందట. ఈ "అట"లన్నీ నగుమో గారివే. మాస్టారి ట్రంకుపెట్టెలో ఆ స్కార్ఫ్ దొరికిన రోజే ఆయన కళ్ళు తుడుచుకుంటూ చీటీ రాసి పెట్టేశారు. పన్నెండేళ్ళుగా ఆ ముడిని ఎవరూ తాకలేదు.

మిఠాయిల పొట్లంతో తిరిగొచ్చేసరికి గదిలో ఎనభై ఏడేళ్ళ సెకి గారు నిలబడి ఉన్నారు. దళంలో అందరికంటే పెద్దాయన కాబట్టి గది తాళంచెవి ఆయన దగ్గరా ఒకటుంది. చేతిలో కొవ్వొత్తి ముక్క.

"ఏమోయ్ నగుమో, బీరువా తలుపు ఇరుక్కుపోతోందన్నావుగా? మైనం రాశాను. ఇప్పుడు వేలితో తోస్తే చాలు."

"చాలా థాంక్సండీ... స్కార్ఫ్ ముడి ఏదీ?"

"మంచి పని అయిపోయిందిగా, విప్పేశాను."

డెబ్బై ఏళ్ళ పైబడిన అలవాటు. చేతులు ఆయన్ని అడగలేదు.

"అది మీ ముడి కాదండీ బాబూ! మాస్టారిది!"

నగుమో గారు మళ్ళీ ముడి వేశారు. కానీ స్కార్ఫంతా వెలిసిపోయి, ఇన్నాళ్ళూ ముడిలో ఉన్న భాగం మాత్రం నిన్న కొన్నట్టుంది. ఎలా కట్టినా ఆ నీలం బయటికి తొంగిచూస్తోంది. టీ రాస్తే రంగు తగ్గుతుందని నగుమో గారికి తోచింది. ముడి విప్పి రాయబోతే కప్పు జారి టీ అంతా ఒలికింది. ఇద్దరూ చెరో విసనకర్ర అందుకున్నారు.

"ఆవిడకి నిజం చెప్పేద్దామోయ్. స్కౌట్ అబద్ధమాడడు. అది మొదటి నియమం."

"ఈ ఒక్క పూటకీ రెండో నియమం నుంచి మొదలుపెట్టండి, మీకు దండం పెడతాను!"

ఆ ఊళ్ళో మర్యాదస్తులంతా చేసినట్టే షిరకి గారు అయిదు నిమిషాలు ముందే వచ్చారు.

"ఆ స్కార్ఫేంటండీ, తడిసిపోయింది?"

"అంటే, అది ఉతికి..." అని నగుమో గారు మొదలుపెట్టారో లేదో సెకి గారు అందుకున్నారు. "ముడి నేనే విప్పానమ్మా. టీ ఆయన పోశాడు."

నగుమో గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన కళ్ళముందు సైకిళ్ళు బారులు తీరాయి. షిరకి గారు స్కార్ఫ్ అందుకుని కిటికీ దగ్గర విప్పి చూశారు.

"ఇక్కడ అంచు మడత లోపల సిరాతో ఏదో రాసుందే. సెకి యసుజి, నక్కల దళం."

"అరే, ఇది నాది!" అన్నారు సెకి గారు. "మూడు రోజులైనా ముడి విప్పలేదని మాస్టారు లాగేసుకున్నారు. ఇంట్లో మాత్రం పోయిందని చెప్పాను."

"స్కౌట్ అబద్ధమాడడుగా?" అన్నారు నగుమో గారు, కుర్చీలోంచే.

షిరకి గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు, ఆపుకోలేక మళ్ళీ నవ్వారు. "అంటే డెబ్బై ఆరేళ్ళ కిందటి మంచి పని ఇవాళ పూర్తయిందన్నమాట! బడిపిల్లల్ని పంపిస్తానండీ. గది ఉంచమని నేను రాస్తాను. మీరు ఆ చీటీ మార్చండి."

నగుమో గారు మార్చారు. మనసు చివుక్కుమంది, పన్నెండేళ్ళు రోజూ దండం పెట్టుకున్న స్కార్ఫ్ మరి.

హిరనో మాస్టారి త్యాగాన్ని చూడడానికి పన్నెండేళ్ళలో వచ్చినవాళ్ళకంటే, సెకి గారి బద్ధకాన్ని చూడడానికి ఆ ఒక్క నెలలోనే ఎక్కువమంది వచ్చారు.