నలభై మూడు చోట్ల నేనే

ఉదయం ఏడూ ఇరవైకి మరమ్మతుల సూపర్‌వైజరు తన వార్షిక నివేదికలో ఒక మాటను నలభై మూడు చోట్ల మార్చాడు. మార్చమన్నది భార్య.

"పన్నెండేళ్ళుగా ఇదే పోస్టు. ఈ ఏడు తప్పితే వయసు మీరిందంటారు," అంది ఆవిడ, అతని భుజం మీంచి తెర చూస్తూ. "ఎందుకొస్తుందండీ ప్రమోషను? పంపు బిగించడం జరిగింది, వైర్లు మార్చడం జరిగింది... ఎవరు చేస్తే జరిగింది? దయ్యాలా? 'జరిగింది' అన్నచోటల్లా 'నేనే చేశాను' అని పెట్టండి. అడగందే అమ్మయినా పెట్టదు. అక్కడికెళ్ళి నీళ్ళు నమలకండి."

కంప్యూటరుకు ఆ పని చెబితే రెప్పపాటులో చేసింది. మళ్ళీ చదివే తీరిక లేదు. బస్సు ఏడూ నలభైకి.

పదింటికి మేనేజరు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ నివేదిక తీశాడు. మొదటి పేజీకి తల ఊపాడు. రెండో పేజీలో ఆగాడు. "వెనక గోడ కూలడం నేనే చేశాను" అని ఉంది. దాని కింద: "లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోవడం నేనే చేశాను. డైరెక్టరు గారు అందులో ఇరుక్కోవడం నేనే చేశాను. వారిని బయటికి తీయడం నేనే చేశాను."

మేనేజరు కుర్చీని వెనక్కి జరిపాడు. "ఇవన్నీ... మీరేనా?"

"నేనేనండీ. ఇంకెవరి చెయ్యీ లేదు."

"లిఫ్టు కూడా?"

"ఒక్కణ్ణే. నలభై నిమిషాలు పట్టింది."

"లోపల డైరెక్టరు గారున్నారని తెలుసా?"

"తెలిసే కదండీ అంత శ్రద్ధగా చేసింది!" సూపర్‌వైజరు గొంతు పెంచాడు. "ఒక్క అవకాశం ఇచ్చి చూడండి. వచ్చే ఏడు ఇంతకు రెండింతలు చేసి చూపిస్తాను."

మేనేజరు ఫోనెత్తాడు. ఇద్దరు వాచ్‌మన్లు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. అభినందించడానికి వచ్చారనుకుని సూపర్‌వైజరు ఇద్దరికీ చెయ్యి కలిపాడు.

డైరెక్టరు మెట్ల మీదుగా వచ్చాడు. ఆయన లిఫ్టెక్కడం మానేసి ఏడు నెలలైంది. నిలబడే ఆ పేజీ చదివి, సూపర్‌వైజరు ముందు పెట్టాడు. "ఇది మీరు రాసిందేనా?"

సూపర్‌వైజరు అప్పుడు చదివాడు.

"అయ్యో సార్! గోడ కూలడం నేను చేయలేదు. అది... జరిగింది!"

"ఆ మాట మళ్ళీ అనకండి," అన్నాడు డైరెక్టరు. "ఇరవై ఏళ్ళుగా ఈ కంపెనీలో ఏ రిపోర్టు చూసినా క్రియే ఉంది, కర్త లేడు. గోడ కూలుతుంది, సరుకు తడుస్తుంది, ఎవడూ ఏమీ చేయడు. ఇన్నాళ్ళకు ఒక కర్త దొరికాడు. వదులుకుంటానా?"

"కానీ సార్, లిఫ్టులో మీరు..."

డైరెక్టరు మేనేజరు వైపు తిరిగాడు. "నన్ను ఇరికించి, నా మొహం మీదే ఒప్పుకున్నాడయ్యా! ఆ గుండె నీకుందా?"

మేనేజరు తలుపు వైపు, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. వాచ్‌మన్లు వెళ్ళిపోయారు.

నాలుగింటికి ప్రమోషను ఉత్తర్వు వచ్చింది. జీతం పెరిగింది, గది మారింది. కొత్త హోదా, ప్రధాన బాధ్యతాధికారి. ఇంటికి ఫోను చేస్తే భార్య, "నే చెప్పలా!" అంది.

ఆరింటికి అతని బల్ల మీద తొమ్మిది ఫైళ్ళున్నాయి. తొమ్మిదీ ఇతర శాఖల్లో ఆ ఏడాది జరిగిన ప్రమాదాలవి. ప్రతి దానిలోనూ అతను సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంది.