రెండు వేల గంటల అర్హత

"డాక్టరు లేని ఆసుపత్రి అనే మాట ఇకమీదట వినబడదు. ప్రతి డాక్టరుకూ ఒక అసిస్టెంటును ఇస్తున్నాం!" అని ఆరోగ్యమంత్రి గారు ప్రకటించారు.

ఎవరో విలేకరి లేచి, "డాక్టరే లేనిచోట ఎవరికి అసిస్టెంటు సార్?" అన్నాడు.

"ముందు అసిస్టెంటు వచ్చి కూర్చుంటే, మొహమాటానికైనా డాక్టరు వస్తాడు కదయ్యా!"

అంత దూరదృష్టి తనకు లేదు కాబట్టి విలేకరి కూర్చున్నాడు.

ఆ వార్త చదివి అందరికంటే ఎక్కువ సంబరపడింది సిస్టరమ్మ. ఊరి చివర సర్కారీ ఆసుపత్రిలో నర్సు. అక్కడ డాక్టరు గారి కుర్చీ ఉంది, పేరు బోర్డు ఉంది, తెల్లకోటు కూడా మేకుకు వేలాడుతోంది. డాక్టరు గారు మాత్రం పదకొండేళ్లుగా 'ఇప్పుడే బయటికి వెళ్లారు'. సూదులు, కుట్లు, కాన్పులు అన్నీ సిస్టరమ్మే. ప్రతి కేసు షీటు కిందా 'డాక్టరు గారి బదులు' అని రాసి సంతకం పెట్టేదీ ఆమే. ఎవరికైనా అటూ ఇటూ అయితే జైలుకెళ్లేది కూడా తనేనని ఆమెకు తెలుసు. ఆ భయంతో కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో! మంత్రి గారు చెప్పిన అసిస్టెంటు పనికి పెట్టిన ఈ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదివితే, చేస్తున్న పనినే చట్టప్రకారం చేసుకోవచ్చు. వయసు నలభై అయిదు దాటకూడదట. ఆమెకు వచ్చే నెలతో దాటిపోతుంది.

అర్హతల జాబితా చూసి ఆమె మొహం వెలిగింది. డిగ్రీ, మూడు సిఫార్సు లేఖలు, 'ఈ వృత్తిలోకి ఎందుకు వస్తున్నాను' అని ఒక వ్యాసం, రోగులతో రెండు వేల గంటల ప్రత్యక్ష అనుభవం.

"రెండు వేలేంటి బాబూ, నాకు ముప్ఫై వేలుంటాయి," అంది ఎంపిక కార్యాలయం గుమాస్తాతో.

"డాక్టరు గారి పర్యవేక్షణలో ఎన్నమ్మా?"

"ఆయన వస్తే కదా!"

"అయితే సున్నా." గుమాస్తా గుండ్రంగా, ముచ్చటగా రాశాడు. "అయినా ఇంటర్వ్యూకి రండి. రావడానికి ఏ అర్హతా అక్కర్లేదు."

ఇంటర్వ్యూ రోజు వరండాలో ఆమె పక్కన కూర్చున్నది సాక్షాత్తూ మంత్రి గారి బావమరిది. సిస్టరమ్మకు కొత్తవాడేం కాదు. పోలీసులు గుమ్మం ఎక్కినప్పుడల్లా ఆయనకు గుండెనొప్పి వచ్చేది. వెంటనే ఆమె వార్డులో కిటికీ పక్క మంచం ఎక్కేవారు. అలా పదకొండుసార్లు. నొప్పి వచ్చిన ప్రతిసారీ కుడివైపే పట్టుకునేవారు. గుండె ఎడమవైపు ఉంటుందని సిస్టరమ్మ రెండుసార్లు చెప్పి చూసి, మూడోసారి ఊరుకుంది.

"మీకెందుకండీ ఈ కోర్సు?" అందామె.

"హాస్టలు ఆసుపత్రిలోనేనట కదక్కా. రాకపోకల శ్రమ తప్పుతుంది."

ఆయన దరఖాస్తు చూసి ఎంపిక కమిటీలోని ముగ్గురు డాక్టర్లూ ముగ్ధులయ్యారు. రోగులతో గడపాలన్నారే గానీ, మంచం మీద పడుకుని గడపకూడదని నిబంధనల్లో లేదు. సిఫార్సు లేఖల్లో ఒకటి మంత్రి గారిది, ఒకటి ఆయన పీయేది, మూడోది పోలీసు ఇన్‌స్పెక్టరుది. 'నేనెప్పుడు వెళ్లినా వీరు ఆసుపత్రిలోనే ఉన్నారు' అని ఆయన నిజాయితీగా రాశారు. ఇక వ్యాసం మొదటి వాక్యమే కదిలించేసేలా ఉంది: 'నా జీవితంలోని ముఖ్యఘట్టాలన్నీ ఆసుపత్రిలోనే జరిగాయి.'

గుమాస్తా మాత్రం కూడికలు వేసి, వరండాలో ఉన్న ఆయన దగ్గరికి వచ్చి నెత్తి గోక్కున్నాడు. "సార్, వెయ్యిన్ని తొమ్మిదివందల తొంభై తొమ్మిది గంటల ఇరవై నిమిషాలే తేలుతోంది. నలభై నిమిషాలు తక్కువ."

బావమరిది గారు బెంచీ మీద కూలబడ్డారు.

"అబ్బ, ఎంత సహజంగా చేస్తున్నారో!" అన్నాడు గుమాస్తా. వరండా అంతా నవ్వింది.

సిస్టరమ్మ నవ్వలేదు. ఆయన ఏ వైపూ పట్టుకోలేదు. నోట మాట లేదు, ఒళ్లంతా చెమట, పెదాలు నల్లబడుతున్నాయి. ఆమె గడియారం చూసి, అలవాటు కొద్దీ అరచేతిలో 10.52 అని రాసుకుంది. చొక్కా గుండీలు విప్పి, గోడకు ఆనించి, సంచిలోంచి ఆస్పిరిన్ తీసి నమిలించింది. "అంబులెన్సుకి ఫోన్ చెయ్యండయ్యా, నవ్వుతారేంటి!" అని అరిచింది.

ముగ్గురు డాక్టర్లూ తలుపు సందులోంచి చూశారు. "ఎమర్జెన్సీలు మా పరిధిలోకి రావు. మేం సెలక్షన్ కమిటీ," అన్నారు పెద్దాయన.

అంబులెన్సు వచ్చేదాకా ఆమె నాడి మీద వేలు తీయలేదు. స్ట్రెచరు ఎక్కించాక 11.30 అని రాసుకుని, పెద్దాయన ముందుకెళ్లి నిలబడింది.

"సార్, ఇదైనా నా లెక్కలో వెయ్యండి. మీ ముగ్గురి ఎదుటే చేశాను కదా."

"చూశామమ్మా. పర్యవేక్షించలేదు. పర్యవేక్షిస్తే బాధ్యత మా మీద పడదూ?"

సిస్టరమ్మకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు దిగమింగుకునే డ్యూటీకి వెళ్లింది.

వారం తిరిగేసరికి బావమరిది గారు పెద్దాసుపత్రి నుంచి కోలుకోవడానికి కిటికీ పక్క మంచానికే వచ్చేశారు. వెనకే ఫైలు పట్టుకుని గుమాస్తా వచ్చాడు.

"అమ్మా, ఆ రోజు వరండాలో సారు రోగిగా గడిపిన సమయం రాసి, డాక్టరు గారి బదులు ఒక్క సంతకం పడెయ్యండి. రెండు వేలు నిండిపోతాయి. ఫస్టు ర్యాంకు సారుదే."

"నా సంతకం చెల్లుతుందా బాబూ?"

"భలేవారే! మిగతా గంటలన్నీ మీ సంతకం మీదే కదమ్మా చెల్లాయి."

సిస్టరమ్మ పెన్ను అందుకుని, రిజిస్టరులో ఎక్కించుకున్న సమయం చూసి, 10.52 నుంచి 11.30 వరకు అని రాసి సంతకం చేసింది.

గుమాస్తా వేళ్లమీద లెక్కపెట్టి నీరుగారిపోయాడు. "ముప్ఫై ఎనిమిది నిమిషాలే ఉన్నాయమ్మా. ఇంకో రెండు నిమిషాలు కావాలి."

"నిజమైన నొప్పి అంతసేపే చూశాను బాబూ."

మంచం మీద బావమరిది గారు "అమ్మో!" అని గట్టిగా మూలిగి ఛాతీ పట్టుకున్నారు.

కుడివైపు.