అద్దకం బట్ట మీద గుండె

ఆ శనివారం పొద్దున డాక్టర్ దైవాధీనం వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరింటికి ఇనుగుదురుపేటలో అద్దకం పనిచేసే కాలేషా దగ్గర బట్ట తీసుకోవాలి. ఏడింటికి మావగారి కారెక్కాలి. తొమ్మిదిన్నరకల్లా చల్లపల్లి దాటి, కరకట్ట పక్క ఊళ్లో స్కూలు వరండాలో ఆ బట్ట కట్టించాలి. పదింటికి హైదరాబాదు నుంచి వచ్చే ఆరోగ్య విద్య ఆఫీసరు కామేశ్వరమ్మగారు దాన్ని చూసి ఒక్క మాట చెప్పాలి. బాగుందంటే ఆరోగ్య కేంద్రాలకి అలాంటి బట్టలు తయారు చేయించే పని అతనిది. బాగాలేదంటే సోమవారం నుంచి గుడివాడలో మావగారి నర్సింగ్ హోములో కూర్చోవాలి. అలా కూర్చుంటానని మాట ఇచ్చింది అతనే. ఆ మాట మీద నమ్మకంతో మావగారు శివరామయ్య అల్లుడి ట్రంకుపెట్టె, పరుపుచుట్ట ముందే కారు డిక్కీలో పెట్టించేశారు.

డాక్టరుకి బట్టలేమిటని బందరంతా అడిగింది. వాళ్ల వంశంలో వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన మొదటి మనిషి అతను. అలాంటివాడు మెడలో స్టెతస్కోపు తీసేసి అద్దకం వాళ్ల పాకలో కూర్చుంటే అడగరూ? దానికి కారణం రెండేళ్ల కిందటి ఉప్పెన. దివిసీమలో సహాయ శిబిరాల్లో పనిచేసినప్పుడు, గోడలకి తగిలించిన ఆరోగ్య పటాలన్నీ తడిసి ముద్దయిపోవడం అతను చూశాడు. అక్కడే కంచె మీద ఆరేసిన బందరు అద్దకం దుప్పటి ఒకటి కనిపించింది. ఉప్పునీళ్లలో నానిన ఆ దుప్పటి మీద చిలకలు చెక్కుచెదరలేదు. ఆ చిలకల చోట ఊపిరితిత్తులుంటే ఎలా ఉంటుందా అన్న ఆలోచన అప్పుడు పట్టుకుంది, మరి వదల్లేదు.

ప్రాక్టీసు మానేస్తే ఎవరికీ పెద్ద నష్టం కూడా లేదు. జ్వరంతో వచ్చినవాళ్లు గుమ్మం మీద బోర్డులో డాక్టరు పేరు చదివి, మన పరిస్థితి అంతదాకా రాలేదులే అనుకుని పక్కవీధికి వెళ్లిపోయేవారు.

కాలేషాకి యాభై ఏళ్లుంటాయి. టేకు చెక్క మీద అచ్చులు చెక్కడంలో అతని చెయ్యి చూసిన ఎవరూ వేరే చేతికి పని ఇవ్వరు. ఆరు నెలలు ఇద్దరూ బట్ట నానబెట్టే కరక్కాయ నీళ్ల వాసనలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఏ రంగు దేనితో వస్తుందని డాక్టరు అడిగేవాడు. "ఇంత పేగు ఇంత పొట్టలో ఎట్టా ఇముడుద్దండీ?" అని కాలేషా అడిగేవాడు. ఇద్దరికీ రెండోవాడి పని తమ పని కంటే వింతగా ఉండేది.

ఆ పొద్దున కాలేషా బట్టని వెదురుకర్రకి చుట్టి, పైన పాత పేపరు చుట్టి చేతికిచ్చాడు.

"మూడుసార్లు కాలవలో జాడించానండి. చుక్క రంగు కదల్లేదు. వెనక్కి తిప్పి చూసినా ముందెంత గట్టిగా ఉందో అంత గట్టిగా ఉంటది."

"బొమ్మ సరిగ్గా వచ్చిందా?"

కాలేషా గొంతు సవరించుకున్నాడు. "అంతా సరిచూసే పెట్టానండి. మీరేం దిగులు పెట్టుకోబాకండి."

విప్పి చూద్దామనుకునేంతలో వీధిలో అంబాసిడర్ హారను మోగింది. శివరామయ్యగారు హారను మోగించడం మొదలుపెడితే ఎదుటి మనిషి కదిలేదాకా చెయ్యి తియ్యరు.

కారు ఊరు దాటాక దైవాధీనం వెనకసీట్లో, భార్య సరళ సాయంతో, పేపరు తీసి బట్టని మూరెడు మూరెడు చొప్పున విప్పాడు. తల వచ్చింది. మెడ వచ్చింది. ఊపిరితిత్తులు ఎంత బాగా వచ్చాయంటే అతనే ఒకసారి గట్టిగా గాలి పీల్చుకున్నాడు. ఆ తర్వాత గుండె వచ్చింది. అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది.

వైద్యం పుస్తకాల్లో బొమ్మ మనకి ఎదురుగా నిలబడ్డ మనిషిది. ఎదుటి మనిషి ఎడమ మనకి కుడి. అందుకని పుస్తకంలో గుండె చూసేవాడి కుడిచేతి వైపు కనిపిస్తుంది. దైవాధీనం గీసి ఇచ్చిన కాగితంలో అలాగే ఉంది. కాలేషా అద్దిన బట్టలో మాత్రం చూసేవాడి ఎడమచేతి వైపు ఉంది. కాలేయం కూడా గుండెకి చోటిచ్చి మర్యాదగా అవతలి పక్కకి ఇల్లు మారింది. అక్షరాలు ఒక్కటే ఎక్కడివక్కడ ముత్యాల్లా ఉన్నాయి.

 ఒకవేళ తనే పొరబడ్డాడేమోనని దైవాధీనం సొంత రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. డ్రైవరు పక్కన కూర్చున్న శివరామయ్యగారు అదే క్షణంలో వెనక్కి తిరిగారు.

"ఏమిటి అల్లుడూ, అలా గుండె పట్టుకున్నావు? నొప్పా?"

"నొప్పి కాదు మావయ్యగారూ. గుండె రెండో పక్కకి వచ్చేసింది."

శివరామయ్యగారు డ్రైవరు భుజం మీద చరిచారు. కారు ఆగింది.

"సరళా, మీ ఆయన ఏం మాట్లాడుతున్నాడో వింటున్నావా?"

"బట్ట మీద గుండె నాన్నా."

"బట్ట మీద పడితే పడింది. లోపల ఏమైందో చూపించందే కారు ముందుకు కదలదు."

"నేను డాక్టర్నే కదండీ," అన్నాడు దైవాధీనం.

"అయితే మాత్రం? నీ గుండె నీకేం కనపడుతుంది?"

చల్లపల్లిలో శివరామయ్యగారికి తెలిసిన డాక్టరు శోభనాద్రి ఉన్నాడు. కారు అక్కడ ఆగింది. వేళ మించిపోతుందని దైవాధీనం బట్టని సరళ చేతికిచ్చి బస్సులో ముందు పంపించాడు.

"వెనకవైపు జనానికి కనపడేలా కట్టించు. రంగు అటు కూడా గట్టిగానే దిగింది. తిరగేస్తే గుండె సరైన చోటికి వస్తుంది."

"అక్షరాలు తిరగబడతాయిగా?"

"తిరగబడనీ. ఆఫీసరుగారు అడిగితే నేను చెప్పుకుంటాను."

"నాకేం కొత్త కాదు," అంది సరళ. ఆమె మూడో తరగతి టీచరు. "తిరగబడ్డ అక్షరాలు రోజూ దిద్దుతూనే ఉన్నాను."

శోభనాద్రి శ్రద్ధగా చూశాడు. బి.పి. కాస్త ఎక్కువుందన్నాడు. ఎక్కువుండక ఏమవుతుంది, గోడ గడియారం దైవాధీనానికి ఎదురుగానే ఉంది.

"ఈమధ్య ఏం చేస్తున్నారు?" అని శోభనాద్రి అడిగాడు.

"దుప్పట్లు అద్దిస్తున్నాను."

శోభనాద్రి శివరామయ్యగారి వంక ఒకసారి చూసి, మళ్లీ మొదటి నుంచి పరీక్ష చేశాడు.

స్కూలు చేరేసరికి పదిన్నర దాటింది. వరండా నిండా జనం. దైవాధీనం కళ్లు బట్ట కోసం గోడ మీద వెతికాయి. గోడ మీద లేదు. వరండాని రెండు భాగాలు చేస్తూ నడిమధ్యన, తాడు మీద తెరలా వేలాడుతోంది. తెరకి ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు.

ఊరి పెద్ద ఏలీయా ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు. "కడుపులో సంగతులు చెబుతారంట కదండీ. ఆడోళ్లు, మగోళ్లు ఎదురెదురుగా కూర్చుంటే ఏం బాగుంటది? మధ్యలో తెర కడదామంటే గుడ్డ లేదు. టీచరమ్మగారి చేతిలో చూస్తే కొలిచి తెచ్చినట్టుంది."

సరళ పక్కకి వచ్చి గొంతు తగ్గించింది. "నేను నోరు తెరిచేలోపే కట్టేశారండీ. వెనకవైపు అందరికీ కనపడాలి అని నేనంటే, ముందో వెనకో ఎవరికి వచ్చింది వాళ్లు చూసుకుంటారన్నాడు ఏలీయా."

ఆడవాళ్ల వైపుకి బట్ట ముందువైపు వచ్చింది. అక్షరాలు సరిగ్గా, గుండె తిరగబడి. మగవాళ్ల వైపుకి వెనకవైపు వచ్చింది. గుండె పుస్తకంలో ఉన్నట్టే, అక్షరాలు తిరగబడి. ఆ అక్షరాలు ఢిల్లీ నుంచి వచ్చినవనుకుని మగవాళ్లెవరూ నోరెత్తలేదు. కామేశ్వరమ్మగారి కుర్చీని ఏలీయా ఎవరికీ అన్యాయం జరగకుండా తెర అంచు దగ్గర వేయించాడు. అక్కణ్ణించి ఆవిడకి బట్ట అంచు తప్ప ఏ వైపూ కనపడటం లేదు.

దైవాధీనం వెళ్లి ఆలస్యానికి క్షమాపణ చెప్పి, ఉపన్యాసం కాగితాలు తీశాడు.

"అవి లోపల పెట్టండి డాక్టరుగారూ," అన్నారు కామేశ్వరమ్మగారు. "రేపు ఈ బట్ట గోడకి ఉంటుంది, మీరుండరు. వీళ్లు గంట నుంచి దీన్ని చూస్తూనే ఉన్నారు. ఏం నేర్చుకున్నారో వాళ్లనే అడుగుతాను." ఆవిడ లేచి గొంతు పెంచారు. "మీ గుండె ఎక్కడుందో పటం చూసి, చెయ్యి పెట్టి చూపించండి."

ఆడవాళ్లందరూ బొమ్మకేసి చూసి, ఎడమవైపు రొమ్ము మీద చెయ్యి పెట్టారు.

మగవాళ్లందరూ బొమ్మకేసి చూసి, కుడివైపు పెట్టారు. ముందు వరసలో, నర్సింగ్ హోము ఓనరు శివరామయ్యగారి చెయ్యి కూడా కుడివైపే ఉంది.

"మావా, అటు కాదు, ఇటు," అంది తెర పక్క నుంచి తొంగిచూసిన ఏలీయా భార్య, మొగుడితో.

"నీకేం తెలుసు? అరవై ఏళ్లుగా నేనూ ఎడం పక్కే అనుకున్నా. గవర్నమెంటోళ్ల పటంలో కుడి పక్కనుంది. ఇయ్యాల తెలిసింది."

"నీ గుండె ఎక్కడుందో నలభై ఏళ్లుగా నేనూ ఎతుకుతున్నాలే."

ఆడవాళ్ల వైపు నవ్వులు లేచాయి. మగవాళ్ల వైపు పట్టుదల లేచింది. ఇద్దరు ముగ్గురు లేచి కుడివైపు దడదడ కొట్టుకోవడం తమకి వినపడుతోందని కూడా చెప్పారు. కామేశ్వరమ్మగారు అందరినీ కూర్చోబెట్టి కాలేయం ఎక్కడని అడిగారు. ఆడవాళ్లు కుడివైపు చూపించారు. మగవాళ్లు ఎడమవైపు చూపించారు.

ఆవిడ కుర్చీ దగ్గర్నుంచి కదిలి ఆడవాళ్ల వైపు వెళ్లి బట్ట చూశారు. మగవాళ్ల వైపు వెళ్లి చూశారు. మళ్లీ ఆడవాళ్ల వైపు వచ్చారు. దైవాధీనానికి డిక్కీలో పరుపుచుట్ట కళ్ల ముందు మెదిలింది. ఇంక దాచి లాభం లేదనుకున్నాడు.

"అచ్చులో పొరపాటు జరిగిందండి. ఆడవాళ్లు చూస్తున్నది తప్పు బొమ్మ. పుస్తకం ప్రకారం మగవాళ్ల వైపుదే సరైనది."

"తప్పు బొమ్మ చూసినవాళ్లందరూ సరిగ్గా చెప్పారు. సరైన బొమ్మ చూసినవాళ్లలో ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు," అన్నారావిడ. "ఇప్పుడు చెప్పండి, ఏది తప్పు బొమ్మ?"

 చదువు మొదలుపెట్టిన నాటి నుంచి దైవాధీనం మనిషిని ఎదురుగా నిలబడే చూశాడు. ఆ ఒంట్లో కాపురముండేవాడు ఎటు నుంచి చూసుకుంటాడో ఏ ప్రొఫెసరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. అద్దంలో చూసుకున్నప్పుడు మన ఎడమ మన ఎడమచేతి వైపే ఉంటుంది. ఆ బట్ట ఆడవాళ్లకి అద్దమైంది.

"పుస్తకం డాక్టర్ల కోసం వేసింది. ఇది వీళ్ల కోసం," అన్నారు కామేశ్వరమ్మగారు. "అచ్చు మార్చకండి. ముందు ఇరవై ఊళ్లకి ఇలాగే చేయించండి. అక్షరాలు సరిగ్గా కనపడే వైపే ముందుండాలని మాత్రం ఎక్కడైనా రాయించండి. ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది?"

నాదేనని చెప్పడానికి అర నిమిషం చాలు. "నాది కాదండి. చెక్కిన కాలేషాది," అన్నాడు దైవాధీనం.

శివరామయ్యగారు అప్పటికి చెయ్యి ఎడమవైపుకి మార్చుకున్నారు. కారు దగ్గరికి నడిచారు. డిక్కీ తీయించి, పరుపుచుట్ట వైపు చూసి, మళ్లీ మూయించారు.

"సోమవారం ఒకసారి గుడివాడ రా అల్లుడూ," అన్నారు.

"మావయ్యగారూ, మీరు కూడా విన్నారు కదా, ఆవిడ..."

"కూర్చోడానికి కాదులే. మా హాల్లో కూడా ఒకటి కట్టు." గొంతు తగ్గించి, "ఇందాక నా చెయ్యి ఎటుందో మూడో మనిషికి చెప్పకు," అన్నారు.

సాయంత్రం దైవాధీనం నేరుగా ఇనుగుదురుపేట వెళ్లాడు. కాలేషా కొత్త చెక్కని నున్నగా రుద్దుతున్నాడు. జరిగిందంతా విని, తల దించుకున్నాడు.

"ఎప్పుడూ బొమ్మని తిరగేసే చెక్కుతానండి. అప్పుడే బట్ట మీద సరిగ్గా పడుద్ది. మీ కాగితంలో చూస్తే గుండె కుడిచేతి వైపు గీసి ఉంది. నా రొమ్ము మీద చెయ్యి పెట్టుకు చూశాను, ఎడం పక్కే కొట్టుకుంటంది. మా ఇంటావిడ ఆమినా బీని అడిగాను, ఆవిడకీ ఎడం పక్కేనంది. అంత చదివినోళ్లకి తప్పని ఎట్టా చెప్పను? అందుకని అక్షరాలు మామూలుగా తిరగేసి చెక్కి, బొమ్మలు మాత్రం తిరగెయ్యకుండా ఉన్నదున్నట్టు చెక్కాను. మీకు కోపం వచ్చిందా అండీ?"

"లేదు కాలేషా. నువ్వు దిద్దింది సరైనదే. పొరబడింది నేను."

కాలేషా తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, డాక్టరు కూర్చోడానికి పీట ముందుకు జరిపాడు.

"దానికేముందండీ, కొత్తలో ఎవరైనా పొరబడతారు. నాలుగు బట్టలు దిగితే మీకూ ఒంటి సంగతి అలవాటవుద్ది."