చేతుల మీద నిలబడాలనుకున్న కళ్లజోళ్ల షాపాయన

కాళ్ల మీద నిలబడటం అంత దండగమారి పని ఇంకొకటి లేదు. ఏ దద్దమ్మైనా నిలబడతాడు. బస్సు కోసం నిలబడతాడు, బ్యాంకులో నిలబడతాడు, పెళ్లాం తిడుతుంటే గుమ్మంలో నిలబడతాడు. ఇందులో గొప్పేముంది చెప్పండి? మనిషన్నాక చేతుల మీద నిలబడాలి! అదీ ఊరికే కాదు. ముందు వందసార్లు నేల మీద పడి లేచి, ఇనప కడ్డీ ఎత్తి దించి, నాలుక బయటపెట్టి రొప్పి, ఆ తర్వాత నిలబడాలి.

నమ్మకం కుదరని వాళ్లు మా వీధి చివర కళ్లజోళ్ల షాపాయన్ని చూసి బుద్ధి తెచ్చుకోండి.

ఆయనకి నలభై రెండేళ్లు. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని ఆవగింజంత స్క్రూలు బిగిస్తూ బతికిన మనిషి. ఒక భార్య, ఒక ఎనిమిదేళ్ల కూతురు. ఆ పిల్లని ఇంట్లో బుడంకాయ అంటారు. ఒకనాడు బుడంకాయ స్కూలు నుంచి ఒక కాగితం పట్టుకొచ్చింది. మూడు నెలల తర్వాత ఆటల రోజు. పిల్లలు అమ్మతోనో నాన్నతోనో జంటగా ఏదైనా విన్యాసం చేసి చూపించాలి.

"నాన్నా, మనిద్దరం పక్కపక్కన చేతుల మీద నిలబడదాం. పది లెక్కపెట్టేదాకా. టీచర్‌కి చెప్పేశాను కూడా" అంది.

"నాకెక్కడొచ్చే అది?" అన్నాడాయన.

"నాకూ రాదుగా. రోజూ సాయంత్రం పడగ్గదిలో గోడ దగ్గర నేర్చుకుందాం."

ఈ మాటల్లో ఘోరం ఎక్కడుందో కనిపెట్టారా? గోడ! ఎవరింట్లో పడితే వాళ్లింట్లో ఉండే మామూలు గోడ! చదువుకున్నవాడు, షాపున్నవాడు, పోయి పోయి గోడ దగ్గర నేర్చుకుంటాడా? ఒక ప్రోగ్రామ్ అక్కర్లేదూ? మణికట్టుకి పట్టీ, చేతులకి రాసుకునే తెల్ల పొడి, ప్రత్యేకమైన బూట్లు అక్కర్లేదూ? చేతుల మీద నిలబడేవాడికి బూట్లెందుకని అడక్కండి. ఇలాంటి ప్రశ్నల వల్లే మనం బాగుపడటం లేదు.

ఆయన ఒక ఆదివారమంతా వీడియోలు చూసి ఒక నిర్ణయానికొచ్చాడు. తలకిందులుగా నిలబడాలంటే జిమ్నాస్టిక్స్ బలం కావాలి. బలం ఒక్కటే ఉంటే దమ్ము చాలదు, కాబట్టి గడియారం పెట్టుకుని బరువులెత్తి గెంతే క్రాస్‌ఫిట్ కావాలి. రెండూ కలిపితే తిరుగుండదు. ఇద్దరు కోచ్‌ల దగ్గర చేరిపోయాడు.

మొదటాయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. పాత గోదాములో చాపలు పరిచి జిమ్నాస్టిక్స్ నేర్పుతారు. ఆయన్ని అందరూ నిదానం మాస్టారంటారు. మొదటి రోజే మనవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, నడుము నేలకి ఆనించి, భుజాలూ కాళ్లూ జానెడెత్తు లేపి అలాగే ఉండమన్నారు.

"ఇదేంటండీ, నేను నిలబడ్డానికొస్తే పడుకోబెట్టారు?" అన్నాడు పొట్ట వణుకుతుంటే.

"పడుకుని బిగువుగా ఉండలేనివాడివి తలకిందులుగా ఎలా ఉంటావు నాయనా? కొత్తలో వారానికి మూడు రోజులు, రోజుకి పది నిమిషాలు చాలు. ఒళ్లు అలిసిపోయాక మాత్రం చేతుల మీద లేవకు. ఇంట్లో గోడ ఉందిగా?"

మళ్లీ గోడ! ఈ పాతకాలపు మనుషులతో ఇదే చిక్కు.

రెండో ఆయనకి ఇరవై ఆరేళ్లు. పేరు తుపాను కోచ్. ఈయన క్లాసులో బోర్డు మీద ఆ రోజు చెయ్యాల్సినవన్నీ రాసి, గడియారం నొక్కి, అరుస్తాడు. పడు, లే, ఎగురు, మళ్లీ పడు. మనవాడు కడ్డీ కింద పెట్టేసి గోడకి చేరబడితే చాలు, పరుగెత్తుకొచ్చేవాడు.

"అన్నా! ప్రాణం పోతున్నట్టుందా?"

"ఉంది."

"సూపర్ అన్నా! అదే కావాలి!"

షాపులో ఆయన్ని ఇంత ప్రేమగా పలకరించినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. పడిపోయాడు మనవాడు.

ఇక్కడే ఆయన బుర్ర పాదరసంలా పనిచేసింది. మాస్టారు రోజు విడిచి రోజు విశ్రాంతి తీసుకోమన్నారు. కోచ్ కూడా రోజు విడిచి రోజు విశ్రాంతి అన్నాడు. ఈయన విశ్రాంతి రోజున ఆయన క్లాసు, ఆయన విశ్రాంతి రోజున ఈయన క్లాసు పెట్టుకుంటే సరి! ఇద్దరి మాటా జవదాటనట్టే. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పలేదు. ఇక ఆదివారం మిగిలిందా, ఆ రోజు ఇద్దరి దగ్గరా నేర్చుకున్నది కలిపి మేడమీద చేసేవాడు.

ఫలితాలు చూడండి. నెల తిరిగేసరికి చేతులు ఎంత బలపడ్డాయంటే, స్క్రూడ్రైవర్ పట్టుకుంటే దానంతటదే కథాకళి ఆడేది. బ్యాంకు మేడమ్ గారి కళ్లజోడుకి ఎడమ కాడ కుడివైపు బిగించి ఇచ్చాడు. ఆవిడ పెట్టుకుని, "బయట మంచు పడుతోందాండీ?" అని అడిగింది. అద్దాల నిండా తెల్ల పొడి!

పొద్దున్నే చెయ్యి నెత్తి దాకా లేచేది కాదు. భార్యే తల దువ్వి, చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టేది. పెళ్లయిన పదిహేనేళ్లకి ఈ భాగ్యం ఎంతమంది మగాళ్లకి దక్కుతుంది?

"నాకు ఒక్కత్తే పిల్లనుకున్నాను" అంది ఆవిడ దువ్వెన విసిరికొడుతూ. "అది నయం, దాని జడ అదే వేసుకుంటోంది."

క్లాసు ముగించుకుని చీకటిపడ్డాక ఆయన ఇంటికి రాగానే హాల్లో నేల మీద బార్లా పడిపోయేవాడు. దీన్ని రికవరీ అంటారు. పామరులు పడుకోవడం అంటారు. బుడంకాయ పడగ్గది గుమ్మంలోంచి తొంగిచూసేది.

"నాన్నా, ఇవాళ చేద్దామా?"

"ఇవాళ భుజాలు పట్టేశాయి తల్లీ. రేపు."

"రేపు తప్పకుండా?"

"రేపు నడుం కసరత్తు రోజు. ఎల్లుండి చూద్దాం. అయినా ఇదంతా ఎవరి కోసమే? నీ కోసమేగా!"

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అది మీరు శంకించకండి. రెండో నెలలో మాస్టారు కాళ్లు పట్టి వదిలితే నాలుగు సెకన్లు నిలిచాడు. ఆ నాలుగు సెకన్లూ ఆయన కళ్ల ముందు ఉన్నది స్కూలు మైదానమే, పక్కన కూతురే. దిగాక కళ్లు తుడుచుకుని, చెమట అని చెప్పాడు. ఆ మర్నాడు షాపుకొచ్చిన ప్రతి మనిషికీ ఆ కథ చెప్పాడు. కూతురికి చెబుదామంటే, ఇంటికి వచ్చేసరికి ఒళ్లు సహకరించలేదు.

ఆటల రోజుకి ఇంకొక్క రోజు ఉందనగా మాస్టారు గట్టిగా చెప్పారు. "రేపు చెయ్యాలంటే ఇవాళ చేతులకి పని పెట్టకు నాయనా."

కోచ్ దగ్గరికి, ఇవాళ క్లాసు చెయ్యనని ఊరికే చెప్పొద్దామని వెళ్లాడు. "అన్నా, రేపు నీ రోజు! ఇవాళ జస్ట్ లైట్‌గా లాగించు" అన్నాడతను. బోర్డు మీద లైట్‌గా రాసి ఉంది: కడ్డీ తలపైకి వందసార్లు, మధ్యమధ్యలో పడి లేవడం యాభై సార్లు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎలా కాదంటాడు? క్లాసంతటిలోకీ రెండో స్థానం వచ్చింది. ఫోటో కూడా తీశారు.

తెల్లారింది. చేతులు భుజాల దాకా కూడా లేవలేదు. భార్య చొక్కా తొడిగింది. ఆవిడ తిట్టకపోతే ఆయనకి భయమేసింది.

మైదానంలో చాప పరిచారు. టీచరమ్మ పిలిచింది. తండ్రీకూతుళ్లిద్దరూ పక్కపక్కన వంగి అరచేతులు ఆనించారు. ఆయన కాలు విసిరాడు. మోచేతులు మడతపడ్డాయి. చెంప మీదుగా జారి చాప మీద చక్కగా పడుకున్నాడు. జనం నవ్వారు. మళ్లీ విసిరాడు, మళ్లీ అదే. మూడోసారి లేవడానికే చేతులు రాలేదు. సిగ్గుతో చచ్చిపోతూ అలాగే పడుండి పక్కకి చూశాడు.

రెండు చిన్న పాదాలు గాలిలో, వేళ్లు దగ్గరగా, కదలకుండా ఉన్నాయి. టీచరమ్మ లెక్కపెడుతోంది. పది దాటింది. పదిహేను దాటింది. పంతొమ్మిది దగ్గర బుడంకాయ తనంతట తనే దిగి, చేతులు దులుపుకుంది. జనం ఈలలేశారు.

"నీకెవరు నేర్పారే?" అన్నాడాయన పడుకునే.

"ఎవరూ నేర్పలేదు. నువ్వు రాగానే చేద్దామని రోజూ గోడ దగ్గర లేచి చూసుకునేదాన్ని. నువ్వు లేటుగా వచ్చేవాడివి కదా, అలా చూస్తూ చూస్తూ ఉంటే వచ్చేసింది" అంది బుడంకాయ. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు.

ఆయనకి ఏడుపు ముంచుకొచ్చింది. పిల్లని దగ్గరికి తీసుకోబోయాడు. చేతులు లేవలేదు.

కాబట్టి నా మాట వినండి. ఆయన మూడు నెలల శ్రమ వృథా అయిందని ఎవరైనా అంటే ఊరుకోకండి. ఫలితం కళ్ల ముందుంది కదా, పంతొమ్మిది సెకన్లు! మీరూ ఇవాళే చేరండి. ఒక కోచ్ కాదు, ముగ్గురి దగ్గర చేరండి. ఇంట్లో పిల్లల సంగతి మీకెందుకు? మీ కోసం ఎదురుచూస్తూ వాళ్లే ఒక్కొక్కటీ నేర్చేసుకుంటారు. ఆఖరికి ఎదురుచూడటం మానెయ్యడం కూడా.