ఎల్స్కెకి చలి పెట్టిందెవరు?

"భూమ్మీద నేరం అనేది ఉన్నంతకాలం ఈ హబ్బో కన్ను మూతపడదు!"

ఈ ప్రకటన వెలువడే సమయానికి రేమ్ట్ సంచిలో పైజమాలు సర్దుకుంటున్నాడు. నేను అతని ఊలు సాక్సులు ఉండచుట్టి అందిస్తున్నాను. కన్ను మూతపడని హబ్బో అప్పుడే సోఫాలో ఒక కునుకు తీసి లేచాడు.

మేం ముగ్గురం లేర్ పట్నంలో ఒకే మేడలో ఉంటూ ముసలివాళ్ళమైపోయాం. హబ్బో బోర్కుమ్ దీవికి వెళ్ళే ఓడలో టిక్కెట్లు తనిఖీ చేసేవాడు. టిక్కెట్టు లేనివాణ్ణి చెవులు చూసి పట్టేవాణ్ణంటాడు. రిటైరయ్యాక డిటెక్టివ్ అయ్యాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. రేమ్ట్ గుండె ఆపరేషన్‌కి పెద్దాసుపత్రికి వెళ్తున్నాడు. అతని పాము ఎల్స్కె, నారింజ రంగుది, విషం లేనిది, నా ఇంటికి వస్తోంది.

"ఏం కష్టం లేదు తాలెయా," అన్నాడు రేమ్ట్, టీ పొట్లం సంచిలో కుక్కుతూ. "అద్దాల పెట్టె అడుగున హీటింగ్ మ్యాట్ ఉంది. గాజుకి అంటించిన ఈ బుడిపె వేడిని కనిపెడుతుంది. చల్లబడితే ఎర్ర దీపం వెలిగి మ్యాట్ వేడెక్కుతుంది. వేడి చాలగానే ఆరిపోతుంది. అంతా దానంతటదే."

"దీపం వెలక్కపోతేనో?"

"వెలుగుతుంది."

"ఒకవేళ..."

"ఇదిగో, మొదలెట్టింది! పాముకి సొంత వేడి ఉండదు తాలెయా. చలిపెడితే తిన్నది అరగదు, జబ్బు చేస్తుంది. నేను తిరిగొచ్చేసరికి ఇది నా మణికట్టుకి చుట్టుకోవాలి. మాటివ్వు."

ఇచ్చాను. ఇచ్చి, "స్వెటర్ పెట్టుకున్నావా?" అని మళ్ళీ అడిగాను.

టాక్సీ వెళ్ళిపోయింది. మా ఇంట్లో ప్లగ్గు టీ బల్ల దగ్గరే ఉంది కాబట్టి పెట్టెను ఆ బల్లమీదే పెట్టాం. మిగిలిన కాస్త జాగాలో టీ కెటిలూ, దాన్ని వెచ్చగా ఉంచడానికి కింద కొవ్వొత్తి పెట్టే ఇత్తడి స్టాండూ గాజుకి ఆనుకుని ఇరుక్కున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం హబ్బో, నేనూ టీ తాగుతూ చూస్తే ఎర్ర దీపం లేదు. సాయంత్రమైనా లేదు. మ్యాట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఎల్స్కె మూలన చుట్టచుట్టుకుని బిగుసుకుపోయింది.

"హత్యాయత్నం!" అన్నాడు హబ్బో భూతద్దం తీసి.

"రేమ్ట్‌కి ఫోన్ చేద్దామా?"

"ఆపరేషన్ బల్ల ఎక్కబోయేవాడికా? అతని గుండె నువ్వే ఆపేసేట్టున్నావు! కేసు నాకొదిలెయ్."

వదిలేశాను. హబ్బో గుమ్మంలో పిండి చల్లాడు. దొరికిన అడుగుజాడలు కొలిచి, "ఎడమకాలు ఈడ్చే మనిషి, బాగా లావు," అని తేల్చాడు. హబ్బో ఎడమకాలు ఈడుస్తాడు. లావు సంగతి నేనెత్తను.

విచిత్రమేమిటంటే, పొద్దున్నే నేను లేచి చూస్తే దీపం చక్కగా వెలుగుతూ ఉండేది. హబ్బో వచ్చి, "మొయిన్!" అని మా పలకరింపు పలికి కాపలా కూర్చున్న కాసేపటికి ఆరిపోయేది.

"గమనించావా? వాడు నేను లేనప్పుడు రాడు. నేనుంటేనే వస్తాడు. ఇది నా మేధస్సుకి సవాలు!"

"అయితే నువ్వు రాకుండా ఉంటే సరి కదయ్యా?"

"రణరంగం వదిలి పారిపొమ్మంటావా తాలెయా!"

పారిపోలేదు. పైగా టీ తాగాడు. మా వైపు ఒక పద్ధతుంది. కప్పులో చెంచా పెడితే ఇక చాలని అర్థం. పెట్టేదాకా ఇంటావిడ పోస్తూనే ఉండాలి, కెటిల్ కింద కొవ్వొత్తి ఆర్పకూడదు. హబ్బో మొదటిరోజే తన కప్పు పక్కనున్న చెంచాను, వేలిముద్రల సాక్ష్యమని, రుమాల్లో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంకోటి ఇస్తే అదీ సాక్ష్యమేనన్నాడు. కాబట్టి నేను పోస్తూనే ఉన్నాను, కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది, ఎల్స్కె తల కూడా ఎత్తడం లేదు.

"చచ్చిపోతుందేమో హబ్బో. నేను రేమ్ట్ మొహం ఎలా చూడను?"

"నేనుండగా చావా!" అంటూ హబ్బో పామును పరీక్షించడానికి బల్లమీదికి వంగాడు. జేబులోని రుమాలు జారింది. అందులోంచి చెంచా అతని కప్పులో టంగుమని పడింది.

చెంచా పడగానే నా నోరు అలవాటుగా ఉఫ్‌మంది. కొవ్వొత్తి ఆరిపోయింది.

"అయ్యో, నేను చాలనలేదే!"

"చెంచా పెట్టావుగా."

"అది సాక్ష్యం!"

"కప్పులో పడ్డాక చెంచానే. పొయ్యను."

"రేమ్ట్ అయితే పోసేవాడు."

"రేమ్ట్ అయితే నిన్ను ఎప్పుడో బయటికి తోసేవాడు!"

ఇలా దెబ్బలాడుకుంటూ ఉండగా పెట్టె దగ్గర టిక్కుమంది. ఎర్ర దీపం వెలిగింది.

నేను కొవ్వొత్తి వెలిగించాను. కాసేపటికి దీపం ఆరింది. కొవ్వొత్తి ఆర్పాను. కాసేపటికి దీపం వెలిగింది. కొవ్వొత్తి సెగ గాజుకి తగిలి బుడిపె వేడెక్కుతోంది. పెట్టెంతా వెచ్చగానే ఉందనుకుని అది మ్యాట్‌ని పడుకోబెడుతోంది.

హబ్బో గొంతు సవరించుకున్నాడు. "అంటే, తాలెయా, నేరస్థుడి పక్కనే ఏమీ ఎరగనట్టు కూర్చుని, సరిగ్గా అదను చూసి చెంచా ప్రయోగించానన్నమాట."

"రెండో చెంచా కూడా ఇటు తియ్యి."

కెటిల్ వంటింట్లోకి మారింది. రెండు రోజులకి ఎల్స్కె నాలుక ఆడిస్తూ బయటికొచ్చి, నా చేతిమీదికి పాకి మణికట్టుకి చుట్టుకుంది. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాను. మర్నాడే ఆపరేషన్.

"చుట్టుకుందా?" అన్నాడు రేమ్ట్.

"చుట్టుకుంది. నీ చేతికని అనుకుంటోంది పాపం. త్వరగా రా."

"వస్తాను. ఇక్కడి టీ అంట్లు కడిగిన నీళ్ళలా ఉంది. హబ్బో ఏం చేస్తున్నాడు?"

"కేసు ఛేదించాడు."

రేమ్ట్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆసుపత్రి నుంచి రేమ్ట్ సంచిని హబ్బో తెచ్చాడు. స్వెటర్ మడత విప్పలేదు. ఎల్స్కె నా దగ్గరే ఉంది, వెచ్చగా ఉంది. రేమ్ట్ తిరిగి రాలేదు. నవంబరు పద్దెనిమిదిన, ఆపరేషన్ రోజునే పోయాడు.